అవ్వ కాల్చిన ఎర్రమట్టి

పోయిన వానాకాలం తొలి చినుకులు పడ్డ సాయంత్రం మా వదిన హైదరాబాదులో మా ఇంట్లోనే ఉంది. కళ్లజోడు మార్పించుకుందామని ఊరి నుంచి వచ్చి, నా బలవంతం మీద ఇంకో రెండు రోజులు ఆగింది. బాల్కనీలో నా పూలకుండీలు ఎండలకు బీటలు వారి ఉన్నాయి. వాటి మీద వాన పడగానే కాగిన మట్టి గుప్పున వాసన కొట్టింది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న వదిన పళ్లెం పక్కన పెట్టి లేచి, గ్రిల్లు పట్టుకుని నిలబడి, కళ్లు మూసుకుని ఆ వాసనను లోపలిదాకా పీల్చింది. నా వైపు తిరిగి, "ఇంత వయసొచ్చినా గీ వాసనకు నోట్ల నీళ్లూరుతయ్ పద్మా. ఎవ్వరితోననకు" అన్నది. నేను నవ్వాను, ఆమె కూడా నవ్వింది. నవ్వుతూ మేమిద్దరం ఒకే మనిషిని తలుచుకున్నామని ఇద్దరికీ తెలుసు. ఆ మనిషి మా అవ్వ, మా నాయినకు తల్లి. ఆమె పోయి చాలా ఏళ్లయింది.

నేను ఇప్పుడు ఒక కాలేజీలో పోషకాహారం పాఠాలు చెబుతాను. తిన్నది ఒంట్లో ఏమవుతుంది, ఎక్కడ కరుగుతుంది, ఎంత పడుతుంది, ఎంత వృథాగా పోతుంది, ఇవే నా రోజువారీ మాటలు. ఈ చదువు వైపు ఎట్లా వచ్చారు మేడం అని పిల్లలు అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను. నిజం చెప్పాలంటే నాకు ఓనమాలు దిద్దించింది అవ్వే. ఆమె చెప్పినవాటిలో సగం తప్పులు. ఒప్పుల కన్నా ఆ తప్పులే నాకు ఎక్కువ పనికొచ్చాయి.

మా ఊరు పాన్‌గల్‌కు దగ్గర. మా ఇంట్లో పొద్దు పొడవడం అంటే అవ్వ రొట్టెలు కొట్టే చప్పుడు వినబడడం. మరిగే నీళ్లు పోసి కలిపిన జొన్నపిండిని పీట మీద అరచేత్తో తడుతూ తిప్పుతూ ఉంటే ఆ చప్పుడు ఒకే వరసలో సాగేది. నేను దుప్పట్లో నుంచే లెక్క పెట్టకుండా వింటూ ఉండేదాన్ని. పెనం మీద రొట్టెకు తడి బట్ట అద్దినప్పుడు లేచే ఆవిరికి ఒక తియ్యటి కమురు వాసన ఉంటుంది. ఆ వాసన నా నిద్రలోకి వచ్చి, కలలో ఏది జరుగుతుంటే దానికే అంటుకునేది. అప్పటికి మా దిక్కున బోర్లు పడి వరి మడులు పెరిగాయి. చాలా ఇళ్లలో రొట్టె పోయి మూడు పూటలా అన్నం వచ్చింది. అన్నం తినేవాళ్లు కాస్త పైకి వచ్చినవాళ్లని ఊళ్లో ఒక లెక్క. అవ్వ ఆ లెక్కను ఖాతరు చేసేది కాదు. "బువ్వ తింటె పొద్దెక్కేసరికి కడుపుల గాలి తప్ప ఏముండది. రొట్టె తింటె పొద్దుగూకేదాక మనిషిని నిలవెడ్తది" అనేది. జొన్న మెల్లగా అరుగుతుందనీ, దాని శక్తి రక్తంలోకి నిదానంగా చేరుతుందనీ నేను ఇప్పుడు బోర్డు మీద గీత గీసి చెబుతాను. ఆ గీత గీస్తున్నప్పుడల్లా నాకు రొట్టె చప్పుడే వినిపిస్తుంది.

నేను అప్పుడు వనపర్తిలో ఇంటర్ చదివేదాన్ని, బైపీసీ. రోజూ బస్సులో పోయి వచ్చి, సాయంత్రం అరుగు మీద కూర్చుని పాఠం పైకి చదివేదాన్ని. పైకి చదివితేనే బుర్రకెక్కుతుందని మా సారు చెప్పాడు. అవ్వ పక్కనే కూర్చుని వక్కలు కత్తిరిస్తూ వినేది. పిండి పదార్థం నోట్లోనే కరగడం మొదలవుతుందని చదివితే, "అందుకే గద మంచిగ నమిలి మింగుమంటరు" అనేది. మాంసకృత్తులు, కొవ్వులు, చిన్నపేగు లోపలి గోడకు నూగులా ఉండే చూషకాలు, అవి సారాన్ని పీల్చి రక్తంలోకి పంపడం, అన్నీ వినేది. ఆమెకు తనదైన శరీరశాస్త్రం ఒకటి ఉండేది. "తిన్నదంత ఒక్కతానికే పోతదా ఏంది? జొన్నరొట్టె పోయి బొక్కలల్ల కూసుంటది. పప్పు కండకు పోతది. నెయ్యి కీళ్లకు పోతది. ఎర్రగున్నదంత నెత్తురుకు పోతది. మీ బుక్కుల గూడ గదే ఉన్నది, పేర్లు మార్చిన్రు గంతే" అని తేల్చేసేది. పేర్లు మార్చారంతే అన్న మాటకు మా నాయిన పడీ పడీ నవ్వేవాడు.

ఎర్రగా ఉన్నదంతా నెత్తురుకు పోతుందన్న ఆ నమ్మకంతోనే అవ్వ ఊళ్లో ఒక పెద్ద పని నెత్తిన వేసుకుంది. కడుపుతో ఉన్న ఆడవాళ్లకు మట్టి తినాలని మనసు పుడుతుంది. గోడ తడిస్తే గోడ దగ్గర నిలబడతారు, కొత్తగా అలికిన గద్దె మీద వేలితో గీకి నోట్లో వేసుకుంటారు. మా దిక్కున దీన్ని ఎవరూ తప్పుగా చూసేవాళ్లు కాదు. కడుపుతో ఉన్న పిల్ల ఆశపడ్డది పెట్టకపోతే పుట్టిన బిడ్డకు చెవులు కారుతాయని ఒక భయం ఉండేది. అయితే గోడమట్టి తింటే పేడ, సున్నం కడుపులోకి పోతాయి. అందుకని అవ్వ శుభ్రమైన మట్టి తెచ్చి పెట్టేది. మా మెట్ట చెలక చివర ఒక గట్టు ఉంది. పై మట్టి తీసేస్తే అడుగున రాయీ రప్పా లేని మెత్తటి ఎర్రమట్టి. దాన్ని తెచ్చి, నీళ్లలో నానబెట్టి, బట్టతో వడకట్టి, బిళ్లలుగా ఒత్తి, నీడన ఆరబెట్టేది. వంట అయిపోయాక పొయ్యిలో ఆరబోతున్న నిప్పుల మీద వాటిని దోరగా కాల్చేది. అప్పుడు వచ్చే వాసన తొలివాన వాసనే. ఎండాకాలం మధ్యాహ్నం, ఊరంతా కునుకులో ఉన్న వేళ, ఒక్క మా వంటింట్లో మాత్రం వాన కురిసినట్టు ఉండేది. ఊళ్లో ఏ కోడలికి నెల తప్పినా, కొంగు చాటున చిన్న గిన్నె పట్టుకుని మా గడప దగ్గరికి వచ్చేది. అవ్వ వాళ్ల మొహం చూసి నెల చెప్పేది, బిళ్లలు ఇచ్చి పంపేది.

మా వదిన పేరు సరోజ. గద్వాల దాటి కర్ణాటక సరిహద్దుకు దగ్గర ఊరు వాళ్లది. కొత్తలో ఆమె మాటల్లో కన్నడం కలిసి వచ్చేది. అమ్మ అన్నం పెడుతుంటే చెయ్యి అడ్డం పెట్టి "సాకు, సాకు" అనేది, చాలు చాలు అని. అన్న ఆమెను ఆ మాటతోనే ఏడిపించేవాడు, "మా సాకమ్మ ఏడుందే" అని. సన్నగా, పొడుగ్గా ఉండేది. పెళ్లయిన రెండో ఏడు నెల తప్పింది. వాంతులు తగ్గాక ఆమెకు రొట్టె సయించలేదు, పప్పు సయించలేదు, సయించింది ఒక్కటే. మధ్యాహ్నం నేను పరీక్షలకు చదువుతూ ఇంట్లో ఉన్న రోజుల్లో ఆమెను చూసేదాన్ని. నీడ పట్టున గోడకు ఆనుకుని కూర్చుని, ఒడిలో మట్టిబిళ్లలు పెట్టుకుని, ఒక్కొక్కటే పంటి కింద పటుక్కుమని కొరికేది. కొరికిన తర్వాత ఆమె మొహం మీద పరుచుకునే నెమ్మది చూస్తే, మనం తినే తిండి ఏదీ మనకు అంత సుఖం ఇవ్వడం లేదనిపించేది. ఆమె ఎక్కడికో దూరంగా, చల్లగా ఉండే చోటికి పోయి వస్తున్నట్టు ఉండేది.

ఐదో నెలలో అమ్మ ఆమెను వనపర్తి దవాఖానకు తీసుకుపోయింది. తోడు నేను. డాక్టరమ్మ వదిన కింది కనురెప్పను వేలితో లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండాల్సిన చోటు తెల్లకాగితంలా ఉంది. వదినకు నాలుగడుగులు వేస్తే ఆయాసం, లేస్తే కళ్లు తిరగడం మాకు తెలుసు. కడుపుతో ఉన్నవాళ్లకు మామూలేననుకున్నాం. రక్తం తక్కువుందని చెప్పి డాక్టరమ్మ గోళీలు రాసింది. ఆ గోళీలు మింగితే నోరంతా తుప్పు రుచి, కడుపు బిగదీసుకుపోవడం. చాలామంది ఆ బాధ పడలేక పెంటకుప్పలో పడేసేవాళ్లు. వదిన మాత్రం రోజూ భోంచేసి, అందరి ముందూ నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, మొహం ముడుచుకుని మింగేది. నెల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే రక్తం పెరగలేదు సరికదా, ఇంకొంచెం తగ్గింది. డాక్టరమ్మకు కోపం వచ్చింది. "గోళీలు పడేస్తున్నవు కదమ్మా? అబద్ధం చెప్పకు. ఇట్లనే ఉంటే కాన్పుల నీ పానానికే ముప్పు" అన్నది. వదిన కళ్లనిండా నీళ్లతో "మింగుతున్న మేడం, దేవుని సాక్షిగ" అన్నది. డాక్టరమ్మ నమ్మలేదు.

ఇంటికి వచ్చి చెప్పులు విడవకముందే అమ్మ పెరట్లోకి పోయి, అంట్లు తోమే జాలాడి దగ్గర, మోరీ పక్కన, కట్టెల మోపుల కింద వెతకడం మొదలుపెట్టింది. ఏం వెతుకుతున్నదో మాకు అర్థమైంది. వదిన వంటింటి గడపలో నిలబడి అది చూసింది. అత్త తనను నమ్మలేదని ఆమెకు తెలిసిపోయింది. ఆ రోజు నుంచి ఆమె మాట తగ్గిపోయింది. సాకు అనడం కూడా మానేసింది. పెట్టింది పెట్టినట్టు తిని లేచిపోయేది. మా అమ్మ చెడ్డది కాదు. భయపడ్డప్పుడు ఆమెకు మాటలు రావు, చేతులే పనిచేస్తాయి. అవ్వ ఒక్కతే గట్టిగా మాట్లాడింది. "నేను నా కండ్లతోని చూస్తున్న, పిల్ల రోజు మింగుతనే ఉన్నది. డాక్టరమ్మకు చెప్పనీకి ఈసారి నేను గూడ వస్త" అన్నది.

అట్లా ఆ తర్వాతిసారి నలుగురం పోయాం. అవ్వ ఇస్త్రీ చీర కట్టుకుని, నడుముకు వక్కాకు సంచి దోపుకుని, సాక్ష్యం చెప్పడానికి పోతున్న మనిషిలాగా బస్సులో ముందు సీట్లో కూర్చుంది. డాక్టరమ్మ ఈసారి కోపగించుకోలేదు. నిమ్మళంగా అడిగింది, "పొద్దున లేచినకాడి నుంచి ఏమేం తింటవమ్మా, ఒక్కటీ దాచకుండ చెప్పు" అని. వదిన తలవంచుకుంది. మట్టి మాట పరాయి మనుషుల ముందు చెప్పడానికి సిగ్గు. అవ్వకు ఆ సిగ్గు లేదు. వక్కాకు సంచిలో నుంచి బట్టలో చుట్టిన బిళ్లలు తీసి బల్ల మీద పెట్టింది. "పిల్ల మంకు పట్టే రకం కాదమ్మా. గిది తప్ప ఏం అడగది. నేను ఒక్కనాడు గూడ లేదనలే. మంచిగ వడగట్టి, కాల్చి ఇస్త. మా ఊళ్లె అందరికి నేనే ఇస్త" అన్నది. ఆమె గొంతులో గర్వం ఉంది.

డాక్టరమ్మ ఒక బిళ్ల తీసుకుని వాసన చూసింది. ఆమెకు నోరూరిందో ఏమో, వెంటనే కింద పెట్టేసింది. తర్వాత అవ్వ వైపు కుర్చీ జరుపుకుని చెప్పింది. ఒంట్లో ఇనుము తక్కువైతే కొందరికి మట్టి మీద, బలపాల మీద మనసు పోతుంది. అట్లా తిన్న మట్టి పేగుల్లో గోళీలోని ఇనుమును పట్టుకుని తనతోపాటే బయటికి తీసుకుపోతుంది. తినేకొద్దీ రక్తం తగ్గుతుంది, తగ్గేకొద్దీ ఇంకా తినాలనిపిస్తుంది. అవ్వ అంతా విని, "ఎర్రగున్నది గదమ్మా, నెత్తురు పట్టదా?" అని అడిగింది. "ఆ ఎరుపు ఇనుముదే అవ్వా, నువ్వు అనుకున్నది ఉత్త మాట కాదు. అది మట్టిల ఉన్నది. మన పేగు దాన్ని గుంజుకోలేదు, అంతే" అన్నది డాక్టరమ్మ. నేను ఇప్పటికీ నా విద్యార్థులకు చెప్పే మొదటి పాఠం ఇదే. తిండిలో ఏముందన్నది సగం సంగతి, అందులో ఒంటికి పట్టేదెంత అన్నది మిగతా సగం. ఆ తర్వాత డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూ, ఇంట్లో ఇదివరకు కాన్పులో ఎవరైనా పోయారా అని అడిగింది. "మా ఆడిబిడ్డ, చిట్టెమ్మ. కాన్పయినంక నెత్తురు ఆగలే. అప్పుడు నేను కొత్త కోడల్ని" అని అమ్మ చెప్పింది. చిట్టెమ్మ అవ్వకు ఒక్కగానొక్క కూతురు. నేను ఆ మేనత్తను చూడలేదు. అమ్మ ఆ మాట చెబుతున్నప్పుడు అవ్వ బల్ల మీది బిళ్లలను బట్టలో మళ్లీ చుడుతూ ఉంది. చుట్టడం అయిపోయాక కూడా ముడి వేస్తూనే ఉంది.

ఊరికి వచ్చాక అవ్వ ముంతలో ఉన్న బిళ్లలన్నీ తీసుకుపోయి మోరీలో పోసి, మీద నీళ్లు గుమ్మరించింది. ఇంటి గోడలకు ఆ యేడు మట్టి అలుకు మాన్పించి సున్నం కొట్టించింది. వదినకు అది ఎంత కష్టమైందో చెప్పలేను. రెండు మూడు రోజులు పిచ్చిదానిలా ఇల్లంతా తిరిగింది. ఒక సాయంత్రం అవ్వ కాళ్ల దగ్గర కూర్చుని, "ఒక్కటియ్యి అవ్వా, ఒక్కటే. వాసన చూసి పెడ్త, తినను" అని బతిమాలింది. అవ్వ గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆశపడ్డది పెట్టకపోతే పుట్టే బిడ్డకు చెవులు కారుతాయని ఊరంతా చెప్పిన మనిషి ఆమె. ఆ నమ్మకం ఆమెకు డాక్టరమ్మ మాటతో పోలేదు. నమ్ముతూనే, భయపడుతూనే లేదంది. "లేదు బిడ్డా. నా ఒంట్ల పానముండంగ ఇయ్య" అని గోడతోనే చెప్పింది. వదిన చాలాసేపు ఆమె మోకాలి మీద తల పెట్టుకుని ఏడ్చింది. అవ్వ చెయ్యి ఆ తల మీదే ఉంది.

డాక్టరమ్మ చెప్పినవి మా వంటింట్లో ఎట్లా మారాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఆకుకూరల్లో ఇనుము ఉంటుంది గానీ పక్కన పులుపు ఉంటేనే ఒంటికి బాగా పడుతుందని ఆమె చెప్పింది. అన్న కొల్లాపూర్ తోటల నుంచి సంచెడు పచ్చి మామిడికాయలు తెచ్చిపడేశాడు. గంగవాయిలి కూర, తోటకూర, మునగాకు, ఏది వండినా అందులో మామిడి ముక్కలు పడేవి. ఆ ఎండాకాలం మా ఇల్లంతా ఉడికిన మామిడి వాసన. తిన్న వెంటనే చాయ తాగడం బంద్. ఆదివారం మేకను కోస్తే అవ్వ తానే పోయి, మనుషులను తోసుకుని, కార్జం అడిగి తెచ్చేది. అంతకు ముందు ఇంట్లోకి కార్జం వస్తే అది మగవాళ్ల పళ్లెంలోకే పోయేది. ఆడవాళ్లు చివర కూర్చునేసరికి గిన్నెలో పులుసు మిగిలేది. ఒకరోజు మా అమ్మ, ఎవరికీ ఏమీ చెప్పకుండా, నాయినకూ అన్నకూ పీటలు వేయకముందే వదినకు పీట వేసి, వేయించిన కార్జం అంతా ఆమె పళ్లెంలో పెట్టింది. వదిన బిత్తరపోయి "సాకు అత్తా, సాకు" అన్నది. ఎన్నాళ్లకో ఆ మాట మళ్లీ వినబడింది. "సాకు లేదు గీకు లేదు, తిను. నేను నిన్ను అనుమానపడ్డ" అన్నది అమ్మ, పొయ్యి వైపు చూస్తూ. నాయిన వచ్చి గిన్నెలో పులుసు చూసి, అదే పోసుకుని తిని లేచాడు. మా అమ్మను చూసి నాకు చాలా గర్వమనిపించింది.

ఆ నెలల్లో నేను పొద్దున్నే చేసే మొదటి పని వదినను వెలుతురులోకి తీసుకుపోయి కనురెప్ప లాగి చూడడం. ఆమె గడప మీద కూర్చుని, కన్ను పైకి తిప్పి, ఓపిగ్గా ఉండేది. మొదట్లో తెలుపే. ఆ తెలుపు చూస్తూ నేను పాఠంలో చదివినదంతా ఊహించుకునేదాన్ని. ఆమె తిన్న ముద్ద చీకట్లో, వెచ్చటి మెలికల దారిలో మెల్లగా పోతున్నట్టు, పేగు గోడ మీది నూగు నీళ్లలో నాచులా ఊగుతూ ఆ ముద్దలోని ఇనుమును రేణువు రేణువుగా అందుకుంటున్నట్టు, బొక్కల లోపల ఎక్కడో కొత్త రక్తం ఊరుతున్నట్టు. అక్కడ చప్పుడు ఉండదు, తొందర ఉండదు. ఎవరూ చెప్పకపోయినా పని జరుగుతూనే ఉంటుంది. ఒక పొద్దున చూస్తే రెప్ప లోపల లేత దానిమ్మ గింజ రంగు కనిపించింది. నేను ఏమీ అనకముందే వదిన నా మొహం చూసి నవ్వింది. ఆ రోజు అవ్వను కూడా పిలిచి చూపించాను. ఆమె వంగి చూసి, కొంగుతో తన కళ్లు తుడుచుకుని, రొట్టెలు కొట్టడానికి పోయింది.

శ్రావణంలో కాన్పయింది, ఆడపిల్ల. వనపర్తి దవాఖాన వరండాలో నేనూ అమ్మా అవ్వా కూర్చుని ఉన్నాం. బిడ్డ ఏడుపు విన్నాక కూడా చాలాసేపు ఎవరూ బయటికి రాలేదు. అవ్వ తలుపు వైపు చూడకుండా నేల మీద చూపు పెట్టి కూర్చుంది. చివరికి డాక్టరమ్మ వచ్చి, నెత్తురు కొంచెం ఎక్కువే పోయిందని, ఇప్పుడు ఆగిందని, తల్లికి ఏ ఢోకా లేదని చెప్పింది. "అప్పటి రక్తంతోనే వచ్చి ఉంటే మాత్రం నా చేతుల్ల ఏం ఉండకపోవు" అన్నది. అవ్వ ఆ మాటకు తలెత్తింది. పిల్లకు శ్రావణి అని పేరు పెట్టారు. ఇంటికి తెచ్చాక అవ్వ రోజూ పొద్దున పిల్లను ఎండలో కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, రెండు చెవులూ ఒకదాని తర్వాత ఒకటి వెలుతురుకు తిప్పి చూసేది. ఎందుకు చూస్తున్నదో మాకు తెలుసు. చెవులకు ఏమీ కాలేదు. అట్లా చూస్తున్న ఒక పొద్దునే, తల ఎత్తకుండా చెప్పింది. "చిట్టెమ్మకు గూడ నేనే కాల్చిచ్చిన. గా గట్టు మన్నే. గంపెడు తిన్నది పిచ్చిది." నేను పక్కనే ఉన్నాను. కాన్పులో నెత్తురు పోవడానికి చాలా కారణాలు ఉంటాయనీ, అన్నేళ్ల కింది సంగతి ఇప్పుడు చెప్పడానికి రాదనీ, నాకు తెలిసిన కొద్దిపాటి చదువుతో చెప్పాను. ఆమె విన్నది. పిల్ల రెండో చెవిని వెలుతురుకు తిప్పింది.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ఆడపిల్లలు మట్టి తినరు. హాస్టల్లో పొద్దున చాయ బిస్కెట్లు, మధ్యాహ్నం చిప్స్, సాయంత్రం మళ్లీ చాయ. కనురెప్ప లాగి చూస్తే చాలామందికి అదే తెలుపు. వాళ్లకు నేను ఎంతో జాగ్రత్తగా చెబుతాను. దీనివల్ల కావచ్చు, మరో కారణం కూడా ఉండవచ్చు, పరీక్ష చేయిస్తే మంచిది అంటాను. తెలిసినంతవరకే చెప్పాలి, తెలియనిది తెలియదనాలి. నాకు నేర్పింది అదే, నేను నేర్పుతున్నదీ అదే, అది సరైనదే. వాళ్లు తలూపి, థాంక్యూ మేడం అని, కిందికి పోయి చాయ తాగుతారు. అటువంటి రోజు ఇంటికి వస్తుంటే నాకు అవ్వ అప్పుడు చేసిన పని గుర్తుకు వస్తుంది.

శ్రావణికి మూడో నెల ఉన్నప్పుడు, మా వెనకింటి కోడలు కొంగు చాటున గిన్నె పట్టుకుని మా గడప దగ్గరికి వచ్చింది. అవ్వ ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టి, మామూలు గొంతుతో చెప్పింది. "మట్టి లేదు బిడ్డా, ఇగ ఎవ్వరికి ఇయ్య. నా బిడ్డ చిట్టెమ్మ గీ మట్టి తినే సచ్చింది. నేనే నా చేతులతోని పెట్టిన." ఆ పిల్ల గిన్నె పట్టుకుని అట్లాగే బయటికి పోయింది. అవ్వ అక్కడితో ఆగలేదు. ఊళ్లో ఎవరెవరికి కాల్చి ఇచ్చిందో ఆమెకు గుర్తే. కర్ర పట్టుకుని ఒక్కో ఇంటికి పోయి, కోడలిని, అత్తను ఇద్దరినీ పిలిచి, అదే మాట చెప్పి వచ్చింది. రెండో రోజు మళ్లీ బయలుదేరుతుంటే అమ్మ అడ్డం వచ్చి, "ఊరు ఏమంటది అత్తా, గట్ల నీ మీద నువ్వే ఎందుకు ఏసుకుంటవ్" అని ఏడ్చింది. నేను వాకిట్లోకి వెంటపడిపోయి చెయ్యి పట్టుకున్నాను. "అవ్వా, చిట్టెమ్మత్త మట్టితోనే పోయిందని మనకు తెల్వదు గద. తెల్వని మాట ఎందుకు చెప్తవ్?"

అవ్వ చెయ్యి విడిపించుకోలేదు. నా మొహంలోకి చూసింది. "నాకు గూడ తెల్వదు పద్మా" అన్నది. "తెల్వదంటె ఎవలు బంద్ జేస్తరే?"

చెయ్యి నేనే వదిలేశాను.